కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి

ప్రశ్న: సౌర విద్యుత్తు మీద నెలనెలా నాలుగు పేజీల పత్రిక అచ్చు వేయించి పంచుతున్నాను. తీసుకున్నవాళ్లు మడిచి పక్కన పెట్టేస్తున్నారు. చదివేవాళ్లు పెరగాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు పంపిన సంచికలు శ్రద్ధగా చదివాను. మొదటి పేజీ నిండా భూతాపమే. అది చెప్పాల్సిందే. కానీ మన దగ్గర డాబా మీద ప్యానెళ్లు పెట్టించాలనుకునే మనిషికి ముందు పట్టుకునే టెన్షన్ వేరే: కోతులు వాటి మీద దూకితే ఎట్లా? మొదటి పేజీలో దానికి జవాబు వేయండి. ఇప్పటికే పెట్టించుకున్న ఇంటికి వెళ్లండి. జాలీ కట్టారా, దుమ్ము ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారో అడగండి. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన అచ్చు వేయండి, సర్వీసు నంబరు మాత్రం కనబడనీయకండి.

ఇంకో మాట. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా వాడుకునే ఇల్లు మీ పత్రిక ఎందుకు తెరుస్తుంది? ఎండాకాలం ఏసీలు ఆగకుండా నడిచే ఇళ్లకు ఇవ్వండి. ఇళ్ల మీద సోలార్ కోసం ఉన్న సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్యానెళ్లకు కేంద్రం రాయితీ 78,000 రూపాయలని పెద్ద అక్షరాల్లో వేయండి. రామగుండం రిజర్వాయర్ నీళ్ల మీద తేలే ఎన్టీపీసీ 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు గురించి బడిపిల్లల కోసం బొమ్మతో రాయండి. పిల్లల సంచిలో పడితే పత్రిక ఇంట్లోకి వెళ్లినట్టే.