డ్యూటీ చార్టును బట్టి జట్టు: కాజీపేట ఫుట్‌బాల్ గురించి ఒక పాత అభిమాని జవాబు

డెబ్బైల చివర్లో మీ తాతగారు కాజీపేట రైల్వే జట్టుకు ఆడేవారని ఇంట్లో చెప్పుకుంటారని, ఎంత వెతికినా ఒక్క ఆధారమూ దొరకలేదని, అసలు వరంగల్ వైపు ఫుట్‌బాల్ ఉండేదా, ఉంటే దాన్ని పట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉండేవారా అని మీరు అడిగారు. ఉండేది. పట్టించుకున్నవాళ్లలో నేనొకణ్ణి. మా బాపు గూడ్సు బండ్ల మీద గార్డు కావడం వల్ల రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. నిక్కరు వేసుకునే వయసు నుంచి పెళ్లై పిల్లలు పుట్టేదాకా ఆ జట్టు మా ఊళ్లో ఆడిన ఆటల్లో నేను చూడనివి తక్కువ. రికార్డులు ఎందుకు దొరకడం లేదో తెలియాలంటే ఆ జట్టు ఎలాంటిదో ముందు తెలియాలి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

క్లబ్బు అనగానే ఇప్పటి పిల్లలకు యజమాని, లోగో, దుకాణంలో అమ్మే జెర్సీ గుర్తుకొస్తాయి. మాకు ఇవేవీ లేవు. లోకో షెడ్డులో ఫిట్టర్లు, బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్లు, పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్లు, ఒకరిద్దరు టికెట్ కలెక్టర్లు, వాళ్లతో పాటు కాలనీలో చదువు పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రవాళ్లు కలిస్తే అదే జట్టు. రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నుంచి కూడా మంచి ఆటగాళ్లు వచ్చేవారు. వాళ్ల పిల్లలు ఇంట్లో ఇంగ్లీషు, మైదానంలో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవారు, తిట్టవలసి వస్తే మాత్రం మూడూ కలిపేవారు. పెద్ద జంక్షను, చుట్టూ క్వార్టర్లు, సాయంత్రాలు కాలక్షేపానికి ఇన్‌స్టిట్యూటు, దగ్గర్లో మైదానం. ఇవన్నీ ఒకచోట ఉన్న రైల్వే ఊళ్లలో ఫుట్‌బాల్ నిలదొక్కుకోవడం వింతేమీ కాదు. ఒక బంతి ఉంటే ఇరవై రెండు మంది ఆడుకోవచ్చు, క్రికెట్‌కు కావలసినంత సరంజామా అక్కర్లేదు.

ఈ జట్టు అభిమానికి ఉండవలసిన మొదటి విద్య డ్యూటీ చార్టు చదవడం. ఆదివారం ఆట ఉందంటే శనివారం సాయంత్రమే మేము షెడ్డు దగ్గరకు వెళ్లి, ఎవరు ఏ బండికి పోయారు, ఎవరు బల్లార్షా రన్నింగ్ రూములో (బండి సిబ్బంది విశ్రాంతి గదిలో) పడుకుని ఉన్నారు, ఎవరు తెల్లవారేసరికి తిరిగొస్తారు అని విచారించి, దాన్నిబట్టి మర్నాటి జట్టును ఊహించుకునేవాళ్లం. గోలు ముందు నిలబడి అడ్డుకునే స్టాపర్ సికింద్రాబాద్ వైపు పోయాడని తెలిస్తే ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినబుద్ధయ్యేది కాదు. మా సెంటర్ ఫార్వర్డ్ ఫైర్‌మన్. రాత్రంతా కొలిమిలో బొగ్గు వేసి, పొద్దున దిగి, రెండు గంటలు కునుకు తీసి మైదానానికి వచ్చేవాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచులకు మసి అలాగే ఉండిపోయేది. ఎదుటి జట్టు వాళ్లు ఆయన సుర్మా పెట్టుకున్నాడని ఆటపట్టించేవారు.

మాకు ఎదుటి జట్టు కంటే ఎక్కువ భయం కాల్‌బాయ్ అంటే. ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు గానీ, ఫోన్లు లేని ఆ కాలంలో డ్రైవర్లను, ఫైర్‌మన్లను, గార్డులను డ్యూటీకి పిలవడానికి ఒక మనిషి పుస్తకం పట్టుకుని సైకిలు మీద ఇంటింటికీ తిరిగేవాడు. బండి బయలుదేరడానికి కొన్ని గంటల ముందు ఆ పుస్తకంలో సంతకం తీసుకునేవాడు. ఇంట్లో లేకపోతే ఎక్కడ ఉంటారో కాలనీ అంతా తెలిసిందే కనుక సైకిలు నేరుగా మైదానం వైపు తిరిగేది. ఒకసారి బెల్లంపల్లి జట్టుతో ఆట సమంగా నడుస్తూ, చివరి పది నిమిషాల్లో మాకు కార్నర్ దొరికిన సమయానికి ఆ సైకిలు గేటు దగ్గర కనిపించింది. జనం వెంటనే చుట్టుముట్టి, "చాయ్ తాగు తమ్మీ, గంతలనే ఏం మునిగిపోదు" అని అతణ్ణి కదలనివ్వలేదు. నిజానికి అతనికీ కదలాలని లేదు. పుస్తకం చంకలో పెట్టుకుని మునివేళ్ల మీద నిలబడి కార్నర్ చూశాడు. ఆ కార్నర్ ఏమీ ఫలించలేదు. మా సెంటర్ ఫార్వర్డ్ గీత దగ్గరకు వచ్చి, మట్టి చేతిని నిక్కరుకు తుడుచుకుని సంతకం పెట్టి, ఇంకో కుర్రవాణ్ణి లోపలికి పంపి, అదే చెమటతో ఇంటికి పోయాడు. ఆట డ్రాగా ముగిసింది. ఆ సంగతి మీద కాలనీలో ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగాయి. కార్నర్ తీసినవాడిదే లోపమని నేను ఇప్పటికీ అంటాను.

మైదానం గురించి కూడా చెప్పాలి. గడ్డి వానాకాలంలో తప్ప కనిపించేది కాదు, మిగతా కాలమంతా ఎర్ర మొరమే. పడితే మోకాలి చెక్కు లేచిపోయేది కాబట్టి మా వాళ్లు జారి బంతి లాక్కోవడం దాదాపు మానేసి, నిలబడే అడ్డుకోవడం నేర్చుకున్నారు. గీతలు సున్నంతో వేసేవారు. బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడర్ పెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి, దాని మూతిని మడిచి దారంతో బిగించి లోపలికి తోసి, పైన తోలు లేసుతో కుట్టినట్టు అల్లేవారు. ఆ లేసు ఉన్న వైపు తలకు తగిలితే నుదుటి మీద దాని అచ్చు పడేది, వానలో తడిస్తే బంతి రాయిలా బరువెక్కేది. స్టేషను దారిలో చెప్పులు కుట్టే పెద్దమనిషి ప్రతి ఆటకూ తన సూది, మైనం రాసిన దారం వెంట తెచ్చుకుని గోలు వెనకాలే కూర్చునేవాడు. బంతి కుట్టు విడితే ఆట ఆగేది, ఆయన పని అయ్యేదాకా రెండు జట్లూ చుట్టూ నిలబడి చూసేవి. డబ్బు తీసుకునేవాడు కాదు, పైగా కుడి అంచున ఆడే మా రైట్ అవుట్ ఆటతీరు మీద ఆ కాసేపట్లోనే తన అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పేవాడు.

బయటి ఊళ్లకు వెళ్లడమంటే ఎక్కువగా బల్లార్షా లైను మీదనే. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల దాటి మందమర్రికో బెల్లంపల్లికో పాసింజరులో చేరుకునేవాళ్లం. సింగరేణి బొగ్గు గనుల ఊళ్లలో ఆటకు టైము గడియారం చెప్పదు, గని సైరను చెబుతుంది. మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చి స్నానం చేసి వచ్చేదాకా కిక్ ఆఫ్ లేదు. అక్కడి జనం మా కంటే పెద్ద గొంతు కలవాళ్లు, ఆటగాళ్లు కూడా మా వాళ్ల కంటే గట్టి మనుషులు. ఓడించి పంపిన రోజున కూడా మక్క కంకులు కాల్చి చేతిలో పెట్టి రైలెక్కించేవారు. గెలిచిన రోజు మాత్రం రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద మాతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇంత చిన్న ఊరి జట్టుకు ఒక ఆటతీరు ఉండేదంటే, దానికి మూలం హైదరాబాద్‌లో ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును, తర్వాత భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మా కాలనీ పెద్దలు 'రహీం సాబ్' అని తప్ప పలికేవారు కాదు. వృత్తిరీత్యా ఆయన బడి పంతులు. ఆయన చేతిలో సిటీ పోలీసు జట్టు 1950లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది, 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన మరుసటి ఏడాదే ఆయన క్యాన్సరుతో కన్నుమూశారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనీ, బంతిని డ్రిబుల్ చేయకూడదనీ (కాళ్ల దగ్గరే ఉంచుకుని తీసుకుపోకూడదనీ) నియమం పెట్టి ఆయన పోటీలు జరిపేవారు. మా కాలనీలో యవ్వనంలో సిటీ పోలీసు ఆటలు చూసి వచ్చిన ఒక రిటైర్డు హెడ్ క్లర్కు ఆ పద్ధతినే పట్టుకుని, వారంలో ఒక సాయంత్రం కుర్రవాళ్లందరినీ ఎడమ కాలితోనే ఆడించేవారు. కుడి కాలు తగిలితే ఫౌల్. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని ముచ్చట చేసేవాడంటే ఆయనకు మంట. "వచ్చింది వచ్చినట్టే ఇచ్చెయ్, నీ దగ్గర గుడ్లు పెడుతదా?" అని అరిచేవారు. ఎడమ అంచున ఆడే మా లెఫ్ట్ అవుట్ నిజానికి కుడికాలి మనిషి అని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడైన సయ్యద్ నయీముద్దీన్, కలకత్తా మైదానాలను ఏలిన మహ్మద్ హబీబ్ మాకు సినిమా హీరోల కంటే ఎక్కువ. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన అమెరికా జట్టు కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసుకుందని, మోహన్ బగాన్ కొట్టిన గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌దని పేపరులో చదివాక, ఇన్‌స్టిట్యూటు గోడకు ఆ ముక్క కత్తిరించి అతికించారు.

ఇక ఆ జట్టు ఏమైంది? 1983 క్రికెట్ ప్రపంచ కప్పు తర్వాత పిల్లల చేతుల్లోకి బ్యాట్లు వచ్చాయన్నది నిజమే గానీ, అందరూ చెప్పే ఆ ఒక్క కారణం నాకు సరిపోదు. 1986లో మారడోనాను టీవీలో చూసి మళ్లీ బంతి పట్టిన కుర్రవాళ్లు మా కాలనీలో ఎందరో ఉన్నారు. నా లెక్కలో అసలు కారణం బదిలీలు. ఎవడైనా బాగా ఆడుతున్నాడని పేరు వస్తే రైల్వే జోన్ కేంద్రమైన సికింద్రాబాద్‌కు పిలిపించుకునేవారు. మాకు ఆ రోజు గర్వమూ, ఏడుపూ రెండూ వచ్చేవి. బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్, తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాక ఫైర్‌మన్ అనే ఉద్యోగమే మారిపోయింది, ఉన్నవాళ్లు రిటైరయ్యారు, కొత్తగా వచ్చినవాళ్లు దూర ప్రాంతాల నుంచి వచ్చి సెలవు దొరికితే సొంతూరికి పోయేవాళ్లు. ఇలా ఏ ఆటలోనూ ఓడిపోకుండానే జట్టు కరిగిపోయింది. గోల్‌కీపరుకు వెనక్కి ఇచ్చిన బంతిని అతను చేత్తో పట్టకూడదన్న నియమం 1992లో వచ్చింది. దాన్ని పాటించవలసిన అవసరం మా గోల్‌కీపరుకు ఎక్కువ రోజులు రాలేదు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడినప్పుడు ఈ వయసులో మళ్లీ పిచ్చి పట్టింది. గచ్చిబౌలిలో రాత్రి ఆట చూసి కాజీపేట చేరేసరికి తెల్లవారేది, ఇంట్లో తిట్లు తప్పేవి కావు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ 1–1తో ముగిశాక, పెనాల్టీల్లో మా గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపి కప్పు తెచ్చిన రాత్రి నేను హనుమకొండలో అల్లుడి ఇంట్లో ఉన్నాను, నా కేకలకు పక్కింటివాళ్లు కంగారుపడి తలుపు తట్టారు. కరోనా వల్ల ఆ సీజను మొత్తం గోవాలోనే జరిగింది, అంటే మన జట్టు సొంత మైదానంలో ఒక్క ఆటా ఆడకుండానే విజేత అయింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. చాలామంది కుర్ర అభిమానులు కుమిలిపోయారు. బదిలీల్లో జట్టును పోగొట్టుకోవడం నాకు అలవాటే కాబట్టి నేను వాళ్లంత ఆశ్చర్యపోలేదు. కోపం మాత్రం వచ్చింది. ప్రస్తుతం నా ధ్యాసంతా నిజామాబాద్ జిల్లా బిడ్డ, ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య మీద ఉంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లి వచ్చి, ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టుతో 2024–25 లీగు గెలిచి, ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. ఉత్తర తెలంగాణలో ఫుట్‌బాల్ ఉందా అని ఎవరడిగినా ముందు ఆమె పేరు చెప్పండి.

ఇప్పుడు మీ తాతగారి విషయం. పేపర్లలో వెతికితే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే మా ఆటల గురించి రాయడానికి విలేకరులు వచ్చేవారు కారు. ఆయన సర్వీసు కాగితాలు ఇంట్లో ఉంటే సెలవుల పుటలు చూడండి. ఆటల పోటీలకు వెళ్లిన ఉద్యోగులకు ప్రత్యేక క్యాజువల్ లీవు ఇచ్చేవారు, అది అక్కడ నమోదై ఉండే అవకాశం ఉంది. నానమ్మగారు ఉంటే, ఆయన ఏ స్థానంలో ఆడేవారని కాకుండా ఏ డ్యూటీ చేసేవారని అడగండి, ఆమెకు అదే బాగా గుర్తుంటుంది, దాన్నిబట్టి స్థానం మేము చెప్పగలం. పాత పెట్టెల్లో గ్రూపు ఫొటో ఉందేమో కూడా వెతకండి. కప్పు గెలిచినా గెలవకపోయినా ఏటా ఒకటి తీయించుకునేవారు. ముందు వరుస మధ్యలో పెట్టిన బంతి మీద సున్నంతో ఆ సంవత్సరం రాసి ఉంటుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నవాడు గోల్‌కీపరు. దొరికితే ఇక్కడ పెట్టండి, అప్పటి ముఖాలను గుర్తుపట్టే ముసలివాళ్లం కాజీపేటలో ఇంకా కొందరం మిగిలే ఉన్నాం.