క్లే కలిపే ముందు ఇది చదువు చిన్నీ

చిన్నీ, నీ మెసేజ్ చూశాను. నీళ్లు వడకట్టే పీఈఎస్ (పాలీఈథర్‌సల్ఫోన్ అనే పాలిమర్) మెంబ్రేన్‌లో బెంటోనైట్ అనే క్లే (బంకమట్టి) కలుపుతున్నావంట, ఎక్కువ కలిపితే ఎక్కువ లాభం కదా పిన్నీ అని ఒకేసారి 5% తో మొదలుపెడదామనుకుంటున్నావంట. వద్దమ్మా. ముందు 0.5, 1, 2 శాతాలతో చేసి చూడు.

బెంటోనైట్‌లో అసలు పని చేసేది మాంట్‌మోరిల్లోనైట్, అది పూతరేకుల దొంతరలా ఉంటుంది, ఒక్కో రేకు మందం దాదాపు 1 నానోమీటరే. ఆ రేకులు విడివిడిగా పాలిమర్ అంతా పరుచుకుంటేనే మెంబ్రేన్‌కి నీళ్లు బాగా పడతాయి, మురికి పట్టినా కడిగితే పోతుంది. విడిపోకపోతే బజ్జీల పిండిలో ఉండల్లాగే ఉండిపోతాయి, ఆ ఉండల చుట్టూ సందులు పడి, ఫ్లక్స్ (నీళ్లు దాటే వేగం) పెరిగిందని నువ్వు సంతోషపడేలోపు మెంబ్రేన్ ఆపాల్సిన ప్రొటీన్ కూడా ఆ సందుల్లోంచే జారిపోతూ ఉంటుంది. 5% దగ్గర నాకు చాలాసార్లు అదే అయింది.

లెక్క చూడు, 100 గ్రాముల సొల్యూషన్‌లో పీఈఎస్ 18 గ్రాములైతే, ఆ పీఈఎస్ బరువులో 1% అంటే క్లే 0.18 గ్రాములే. ఇంత చిటికెడేనా అనిపిస్తుంది కానీ అది చాలు. దాన్ని 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టు, తర్వాత ముందుగా ఒట్టి ఎన్ఎంపీలో (పాలిమర్‌ని కరిగించే ద్రవం) వేసి సోనికేట్ చెయ్యి, అంటే శబ్ద తరంగాలతో ఉండలు విడగొట్టు, మధ్యమధ్యలో ఆపుతూ, బీకర్ వేడెక్కకుండా ఐస్‌లో పెట్టి. పాలిమర్ ఆ తర్వాతే, కొంచెం కొంచెంగా. ఒకసారి సొల్యూషన్ తేనెలా చిక్కబడ్డాక ఎంత తిప్పినా ఉండలు విడవవు. ఎన్ఎంపీ పని మాత్రం ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, ముఖ్యంగా పిల్లలు కావాలనుకుంటున్న ఆడవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది, మీ ల్యాబ్‌లో అందరికీ చెప్పు.

బుడగలు పోయాకే గాజు మీద పరుచు, 200 మైక్రాన్ల మందంగా పరిచే కత్తితో. తర్వాత నీళ్లలో ముంచితే అది గట్టిపడి మెంబ్రేన్ అవుతుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువుంటుంది, ఎన్ఎంపీ ఆ తేమని లాగేస్తుంది, నీళ్లలో ముంచకముందే పైపొర గట్టిపడటం మొదలవుతుంది. నేను మార్చిలో చేసినవీ జూలైలో చేసినవీ పక్కపక్కన పెట్టి మూడు నెలలు క్లేనే తప్పుపట్టాను, తేడా అంతా తేమదే. అందుకే క్లే లేని షీట్ కూడా అదే రోజు అదే చేత్తో తియ్యి.

మన నల్గొండ ఫ్లోరైడ్‌కి పనికొస్తుందా అన్నావు కదా. ఇది అల్ట్రాఫిల్ట్రేషన్ తల్లీ, ఫ్లోరైడ్ అయాన్ దీని రంధ్రాల్లోంచి హాయిగా దాటిపోతుంది, ఆ చిటికెడు క్లే పట్టుకునేది ఎంతని? బురద, బ్యాక్టీరియా ఆపుతుంది, దానికి రాసుకో. ఫ్లోరైడ్‌ని మెంబ్రేన్‌తో ఆపాలంటే ఇంకా సన్న రంధ్రాలుండే నానోఫిల్ట్రేషనో ఆర్వోనో కావాలి. అక్కడ ఎముకలు వంకరపోయిన మనుషుల్ని నేను చూశాను, వాళ్లకి ఉత్త ఆశ పెట్టే మాట నీ ప్రపోజల్‌లో ఉండకూడదు.

ఇంకోటి, మెంబ్రేన్ లోంచి క్లే ఊడి నీళ్లలోకి వస్తోందేమో కూడా చూడాలి, చాలామంది ఇది వదిలేస్తారు. కొన్ని గంటలు నీళ్లు నడిపి ఆ నీళ్లలో క్లేలో ఉండే అల్యూమినియం, సిలికాన్ ఉన్నాయేమో టెస్ట్ చేయించు.

సోమవారం క్లే ఓవెన్‌లో పెడతావుగా, ముందు బరువు, తర్వాత బరువు రెండూ రాసి నాకు పంపు.

మీ పిన్ని