టీసీకి నలుగురూ ఒకే రోజు రండి

కోడలా,

రాత్రి పుస్తకం ముందు పెట్టుకుని ఏడుస్తున్నావని మీ అమ్మ ఫోను చేసింది. లెక్కలు అర్థం కాక ఏడుస్తున్నావనుకుని మీ నాన్న ట్యూషన్ మాట ఎత్తాడట. మా తమ్ముడి తెలివి అంతవరకే. పదో తరగతి పరీక్షలు కాగానే మీ నలుగురు స్నేహితురాళ్ళూ తలో దిక్కుకు పోతారన్నది నీ దిగులని మీ అమ్మ కనిపెట్టింది. ఫోనులో మాట్లాడదామంటే నువ్వు రెండుసార్లు 'ఊ' కొట్టి అమ్మకిచ్చేస్తావు. అందుకని రాస్తున్నాను. పావుగంట చదివితే నీ మార్కులేమీ తగ్గవు.

ఈ సంగతిలో నాకు కాస్త అనుభవం ఉంది. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఆఫీసు గదుల్లో కూర్చుని టీసీలు రాశాను. పదో తరగతి పిల్లల్ని సాగనంపేది పంతుళ్ళని అందరూ అనుకుంటారు. పంతుళ్ళు మైకు ముందు నిలబడి అందరినీ ఒకేసారి సాగనంపేస్తారు. ఒక్కొక్కరి ముఖం చూసి, పుట్టిన తేదీ సరిచూసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, కాగితం చేతిలో పెట్టి గేటు దాటించేది గుమాస్తా.

పరీక్షకు వివరాలు పంపేటప్పుడు మీ అందరితో రెండేసి పుట్టుమచ్చలు రాయించుకుని ఉంటారు. మొదటిది పిల్లలు టక్కున చెబుతారు, చెంప మీదనో చేతి మీదనో ఉంటుంది. రెండోది అడిగితే తెల్లముఖం వేస్తారు. అప్పుడు వెనక నిలబడ్డ ఇంకో పిల్ల అంటుంది, "మెడ వెనకాల ఉంది మేడమ్, జడ కింద. దానికి తెలియదు" అని. జడ పక్కకు తీసి మరీ చూపిస్తుంది. తన కంటికి ఎన్నడూ కనబడని మచ్చ ఐదేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నదానికి తెలుసు. 'మెడ వెనుక పుట్టుమచ్చ' అని నేను రాసుకునేదాన్ని. ఆ కాగితాన్ని ఆమె ఎన్ని ఉద్యోగాలకు ఎన్నిచోట్ల చూపిస్తుందో, ఆ మచ్చ ఎవరు చెబితే రాశారో మాత్రం ఏ ఆఫీసులోనూ అడగరు.

అలాంటి పిల్లల్ని విడిచి వెళుతుంటే ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాబట్టి ఏడవవద్దని చెప్పను.

ముందు ఫేర్‌వెల్ సంగతి. దాని మీద ఆశలు పెట్టుకోకు. సౌండు బాక్సులు చెవులు పగలగొడతాయి, సగం సమయం చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి, మిగతా సగం ఫొటోలకు పోతుంది. మనసులో మాట ఒకటి చెబుదామని దగ్గరకు వెళ్ళేసరికి ఎవరో వచ్చి కేకు ముక్క ముఖానికి పూస్తారు. అది పండగ. పండగలాగే చేసుకుని ఇంటికి వచ్చెయ్.

మీ బడిలో ఇంకా ఆటోగ్రాఫ్ పుస్తకాలు తిరుగుతున్నాయని విని సంతోషించాను. పూలు, అలలు, చందమామ కలిపి ప్రాస కుదిర్చిన నాలుగు పంక్తులుంటాయి చూడు, అవి మాత్రం రాయకు. నలభైమంది పుస్తకాల్లోనూ అవే ఉంటాయి, ఇరవై ఏళ్ళ తరవాత తెరిస్తే సంతకం చూస్తేగాని ఎవరు రాశారో తెలియదు. మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి రాయి. 'ఏడో తరగతిలో వానకు నీ చెప్పు కాలువలో కొట్టుకుపోతే, నా జత చెరొకటి వేసుకుని కుంటుకుంటూ ఇంటికి వచ్చాం' అని రాశావనుకో, అది ఇంకెవరి పుస్తకంలోనూ దొరకదు. కింద తేదీ వెయ్యి. బాల్‌పెన్నుతో రాయి, జెల్ పెన్ను రాతకు తడి తగిలితే అలుక్కుపోతుంది.

చివరి పరీక్ష రోజు సిరా చల్లుకునే పిచ్చి ఒకటుంది. నాకు అది నచ్చదు. ఒక ఏడాది గేటు దగ్గర ఒక పిల్ల రెండు చేతులూ చొక్కాకు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. స్నేహితురాళ్ళు సరదాకే చల్లారు, పాపం వాళ్ళకేం తెలుసు. ఆ చొక్కా జూన్‌లో చెల్లెలు వేసుకోవాల్సింది. చల్లేముందు అడగండి. లేదంటే పరీక్ష అట్టల మీద సంతకాలు చేసుకోండి.

అట్ట మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్పక తప్పదు. 1980లో నా పది అయింది. నా స్నేహితురాలి తండ్రిది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, ఆ వేసవిలోనే ఆయనకు బల్లార్షకు బదిలీ అయింది. సికింద్రాబాదు నుంచి వచ్చే పట్టాలు కాజీపేటలో రెండుగా చీలతాయి కదా, ఒకటి మన వరంగల్లు మీదుగా విజయవాడకు, ఇంకొకటి బల్లార్షకు. ఆ రెండో దారిన ఆమె వెళ్ళిపోయింది. ఏమేమి చెప్పాలో ముందు రాత్రంతా కూడబలుక్కుని స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫాం మీద పరుపు చుట్టలు, ట్రంకు పెట్టెలు, తులసి మొక్క ఉన్న కుండను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ నాయనమ్మ. ఎటు తిరిగినా ఎవరో ఒకరు. "జాగ్రత్త" అన్నాను. "నువ్వు కూడా" అంది. అంతే. బండి కదిలేముందు నా పరీక్ష అట్ట వెనక తన కొత్త చిరునామా రాసిచ్చింది, క్వార్టరు నంబరుతో సహా.

ఆ అట్టను మీ నాన్న క్రికెట్ బ్యాటు చేసుకున్నాడు. అప్పుడు వాడు మూడో తరగతి. కార్కు బంతి తగిలి రెండు ముక్కలైంది, నంబరున్న ముక్క ఎక్కడ పారేశాడో వాడికే తెలియదు. ఊరి పేరు, తండ్రి పేరు పెట్టి రెండు కార్డులు రాశాను. జవాబు రాలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మీ నాన్నకు నవ్వు. నాకు ఇంకా నవ్వు రావడం లేదు.

వాడిని తిట్టడం అటుంచితే, తప్పు నాది కూడా. చెప్పాల్సినదంతా బండి కదిలే క్షణానికి అట్టిపెట్టుకున్నాను. అక్కడ ఎవరికీ మాట పెగలదు. చుట్టాల మధ్య, సామాను మధ్య, టైము చూసుకునే తండ్రి మధ్య ఏం చెబుతాం?

అందుకే చెబుతున్నాను, మీ నలుగురూ టీసీకి ఒకే రోజు, ఒకే వేళకు రండి. ఇంటర్‌లో చేరాలంటే ఫలితాలు వచ్చాక టీసీకి ఎలాగూ బడికి రావాలి. నేను చూసినంతవరకు ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు తండ్రి బండి వెనక కూర్చుని వస్తారు, పది నిమిషాల్లో కాగితం తీసుకుని వెళ్ళిపోతారు. ఇక ఆ బడితో వాళ్ళకు పని ఉండదు. వేసవిలో బడిని నువ్వు చూసి ఉండవు. బెంచీలు ఒకదానిపై ఒకటి ఎక్కించి ఉంటాయి. నల్లబల్ల మీద ఆఖరి రోజు తేదీ ఎవరూ చెరపరు. కారే కుళాయి కింద గోరింకలు స్నానాలు చేస్తుంటాయి. గంట కొట్టేవాళ్ళు లేరు, వెళ్ళమనేవాళ్ళు లేరు. మీ తరగతి గది మెట్ల మీద గంటసేపు కూర్చోండి.

అక్కడ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడు. ముందు బాకీలు తీర్చు. తెచ్చుకున్న నోట్సు, చున్నీ, ఎప్పుడో తీసుకున్న ఆటో డబ్బులు. ఎనిమిదో తరగతిలో ఒకామెతో నెలరోజులు మాటలు లేవని అప్పట్లో నాకు చెప్పావు. తప్పెవరిదని ఇప్పుడు పంచాయితీ పెట్టకు, 'అప్పుడు మొండికేసింది నేనే' అని ఒక్క మాట అనెయ్. 'నువ్వు చాలా మంచిదానివి' అంటే ఎవరికీ ఏమీ అందదు. 'నువ్వు పక్కన కూర్చున్నందుకే నాకు హిందీ గట్టెక్కింది' అని చూడు, ఆ పిల్ల ముఖం ఎలా మారుతుందో. కన్నీళ్ళు వస్తే రానీ. సంతకం పెడుతూ ముక్కు ఎగబీల్చి, "రిజిస్టరు దుమ్ము మేడమ్" అన్న మగపిల్లలు నాకు చాలామంది తెలుసు.

ఒక్క జాగ్రత్త. ఫలితాల్లో నలుగురిలో ఒకరికి తేడా రావచ్చు. తప్పిన పిల్లలు ఆఫీసుకు ఎప్పుడు వస్తారో తెలుసా? సాయంత్రం నాలుగు దాటాక, మిగతావాళ్ళు వెళ్ళారని రూఢి చేసుకున్నాక. గుమ్మం దగ్గరే నిలబడి చెయ్యి చాపుతారు. అలా జరిగితే మీరు అనుకున్న రోజు మార్చుకోండి, ఆమెను వదిలి ముగ్గురే కూర్చోవద్దు. మార్కులు అడగకు, ఓదార్పు ప్రసంగం చేయకు. ఏ సబ్జెక్టు పోయిందో ఆ పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి కూర్చో. సప్లిమెంటరీ పరీక్షలు జూన్‌లో పెడుతున్నారు, అందులో గట్టెక్కితే చదువులో ఏడాది పోదు. నువ్వు కలిసి చదివిన ఆ కొద్దివారాలు ఆమె మరచిపోదు.

మిగతావాళ్ళ సంగతులు మీ అమ్మ చెప్పింది. ఒకామె బైపీసీకి హైదరాబాదు వెళుతుందట. ఆ హాస్టళ్ళలో ఫోను చేతికివ్వరు, కాబట్టి వాట్సాప్ గ్రూపును నమ్ముకోకు. జూన్ దాకా రోజుకు రెండు వందల సందేశాలుంటాయి, తరవాత పుట్టినరోజులకు మాత్రమే మేల్కొంటుంది. ఆమెకు ఉత్తరాలు రాయి. వార్డెను విప్పి చదివినా ఫరవాలేదనిపించేట్టు రాయి, అంతే. ఇంకొకామెకు బాసర ట్రిపుల్ ఐటీ మీద ఆశ. పది మార్కులను బట్టే సీటు, వస్తే ఆరేళ్ళు అక్కడే. ఆమెకు ఏడుపు ముఖంతో వీడ్కోలు చెప్పకు, సీటు రావాలని నలుగురూ మొక్కుకోండి.

మూడో పిల్లకు సంబంధాలు చూస్తున్నారని మీ అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. దీన్ని వీడ్కోళ్ళ లెక్కలో వేయకండి. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరం. పిల్లల సహాయానికి 1098 అనే నంబరు ఉంది, ఎవరైనా చేయవచ్చు. అంతదాకా వెళ్ళకముందు నాకు చెప్పు, నేను వెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడతాను. నన్ను ఎరుగుదురు, ఆ ఇంటి పెద్దపిల్ల టీసీ రాసింది నేనే. ఒకవేళ కాలేజీకి పంపకపోయినా ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేయవచ్చని ఆ పిల్లకు నీ నోటితో చెప్పు. చాలామంది పిల్లలకు అసలు ఆ దారి ఉందనే తెలియదు.

ఇక నంబర్లు. నీ ఫోనులో ఉన్నవన్నీ వాళ్ళ అమ్మలవో అన్నలవో. రెండేళ్ళలో సగం మారతాయి. ఇళ్ళు అంత తొందరగా మారవు. సెలవుల్లో ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి అన్నం తిను, వాళ్ళ అమ్మకు నీ ముఖం గుర్తుండాలి. పిల్ల హాస్టల్లో ఉన్నా అమ్మ ఇంట్లోనే ఉంటుంది, కూతురి సంగతి అడిగేవాళ్ళు వస్తే ఆమెకూ ఊరట. చార్జీల గొడవ కూడా లేదు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు పెట్టుకో చాలు. నా రోజుల్లో ఆ వసతి ఉంటే కాగజ్‌నగర్ దాకా అయినా వెళ్ళి, అక్కడి నుంచి బల్లార్ష బండి ఎక్కేదాన్ని. చిరునామాలు రెండుచోట్ల రాసుకో. అట్ట మీద వద్దు.

'మళ్ళీ కలుద్దాం' అనుకుని లేవకండి, ఆ మాటకు తేదీ లేదు. సద్దుల బతుకమ్మ అని చెప్పుకోండి. దసరా సెలవులకు హాస్టళ్ళ పిల్లలు ఇళ్ళకు వస్తారు. బతుకమ్మలు వేసే పద్మాక్షి గుండం దగ్గర ఆ జనంలో ఒకరినొకరు వెతుక్కోలేరు, మధ్యాహ్నమే వేయిస్తంభాల గుడిలో నంది దగ్గర కలవండి. చాయ్ హోటళ్ళు ఎత్తేస్తారు, చెట్లు కొట్టేస్తారు, ఆ గుడి మాత్రం 1163 నుంచి అక్కడే ఉంది. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోండి. ఒక ఏడాది ఒకరు రాలేకపోతే అలగకు, వచ్చినవాళ్ళతో ఆడు.

ఇంకోటి. ఈ జనవరిలో మేడారం జాతర అయింది, మళ్ళీ 2028 మాఘంలో. మీ ఇంటర్ రెండేళ్ళూ దాదాపుగా రెండు జాతరల మధ్య పడ్డాయి. సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరకు నలుగురూ కలిసి బంగారం, అదే మొక్కుబడి బెల్లం, తీసుకుపోదామని ఇప్పుడే అనుకోండి. అప్పటికి ఇంటర్ పరీక్షలు నెత్తిమీదుంటాయి, ఏ ఇంట్లోనూ సులువుగా ఒప్పుకోరు. మీ నాన్నను ఒప్పించే పూచీ నాది. వాడు నాకు ఒక అట్ట బాకీ.

టీసీ రోజు ఏదో ఖాయం కాగానే, ముందు రోజు సాయంత్రంలోగా నాకు ఫోను చెయ్యి. పని అయ్యాక నలుగురూ ఇటే రండి, సర్వపిండి చేస్తాను. శనగపప్పు నానబెట్టుకోవాలి, పల్లీలు వేయించుకోవాలి, గిన్నెకు పిండి ఒత్తి సన్నమంట మీద పెడితే కాలడానికి చాలాసేపు పడుతుంది. నలుగురికైతే రెండు గిన్నెలు చాలు. ఐదో మనిషి ఎవరైనా ఉంటే అదీ చెప్పు.

మీ అత్తమ్మ,
హనుమకొండ