పంచింగ్ బ్యాగ్‌ని గుద్దితే కోపం తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, షిఫ్ట్ డ్యూటీ. మా సూపర్‌వైజర్ నలుగురి ముందూ మాటలంటాడు. అక్కడ నోరెత్తలేను, ఇంటికొచ్చి పిల్లల మీద విరుచుకుపడతాను. కోపం లోపల పెట్టుకుంటే బీపీ వస్తుంది, బయటికి కక్కేయమని ఫ్రెండ్ అంటే జిమ్‌లో చేరి, ఆయన ముఖాన్నే తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దుతున్నాను. కొట్టినంతసేపూ హాయిగా ఉంటుంది. ఇంటికెళ్తే మళ్లీ మామూలే. ఇంకా గట్టిగా కొట్టాలా?
– పేరు వేయొద్దన్నారు, గాజువాక

జవాబు: వద్దండీ. జిమ్ మానక్కర్లేదు గానీ, ఆ ముఖాన్ని తలచుకుని కొట్టడం మాత్రం ఈరోజే ఆపేయండి. మీ ఫ్రెండ్ తప్పేం లేదు, కోపమంటే కుక్కర్‌లో ఆవిరి లాంటిదని, విజిల్ వేయిస్తే పోతుందని సైకాలజీ వాళ్లే చాలాకాలం నమ్మారు.

బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2002లో అచ్చం మీరు చేస్తున్న పనినే పరీక్షకు పెట్టాడు. 600 మంది కాలేజీ పిల్లల చేత వ్యాసం రాయించి, ఇంత చెత్త వ్యాసం ఎప్పుడూ చదవలేదని వేరే విద్యార్థి ఎవరో రాసినట్టు చూపించి వాళ్లకు కోపం తెప్పించాడు. కొందరేమో ఆ విమర్శించినవాణ్ని తలచుకుంటూ బ్యాగ్‌ని గుద్దారు, కొందరు ఒంటికి మంచి వ్యాయామం అనుకుంటూ గుద్దారు, మిగతావాళ్లు ఊరికే రెండు నిమిషాలు కూర్చున్నారు. తలచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది, తర్వాత అవతలివాడి చెవిలో పెద్ద శబ్దం మోగించే అవకాశం ఇస్తే ఎక్కువ దూకుడు చూపించిందీ వాళ్లే. అందరికన్నా తక్కువ దూకుడు ఊరికే కూర్చున్నవాళ్లది! అదే బుష్‌మన్ మరో పరిశోధకురాలితో కలిసి 154 అధ్యయనాలను, అంటే పదివేల మందికి పైగా జనాన్ని, ఒకచోట పెట్టి చూసి 2024లో చెప్పింది కూడా ఇదే: ఒంట్లో ఉద్రేకం తగ్గించే పనులు కోపాన్ని తగ్గిస్తాయి, పెంచేవి తగ్గించవు. జాగింగ్ వల్ల కోపం కాస్త పెరిగిందట కూడా, కాబట్టి బీచ్ రోడ్డులో పరుగు గుండెకు మంచిదే గానీ కోపానికి మందు అనుకోకండి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. కోపంలో గుండె ఇప్పటికే వేగంగా కొట్టుకుంటోంది, పిడికిళ్లు బిగుసుకున్నాయి. మీరు దానికి ఇంకో అరగంట వ్యాయామం కలిపి, పైగా ఆయన అన్న మాటల్ని మళ్లీ మళ్లీ మనసులో తిప్పుతున్నారు. కొట్టినప్పుడు హాయిగా అనిపిస్తుంది కాబట్టి మర్నాడూ అదే చేస్తారు, అక్కడే ఉంది చిక్కు. టీ కొట్టు దగ్గర స్నేహితులతో ఆయన్ని గంటసేపు తిట్టుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, నాకు తెలుసు అది మానడం ఎంత కష్టమో.

అలాగని పళ్ల బిగువున దాచుకోమనడం లేదు. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1993లో చేసిన ప్రయోగంలో అసహ్యం పుట్టించే సినిమా ముక్క చూస్తూ ముఖంలో ఏమీ కనపడనీయకుండా ఉన్నవాళ్లకు లోపలి అసహ్యం ఏమాత్రం తగ్గలేదు. లోపల పెట్టుకుంటే కోపం పోదన్నంతవరకు మీ ఫ్రెండ్ మాట నిజమే.

డ్యూటీ దిగాక నేరుగా గుమ్మం తొక్కకండి. బండి ఆపి పది నిమిషాలు కూర్చుని, ముక్కుతో గాలి పీల్చి అంతకంటే నిదానంగా వదలండి. ఫోన్ చూడొద్దు. ఆయన మాటలు గుర్తొస్తాయి, రానివ్వండి, కానీ వాటికి జవాబు కట్టడం మొదలుపెట్టకండి. ఒళ్లు చల్లబడ్డాక, ఆరోజే కాకపోయినా మర్నాడైనా, అసలు విషయం ఆయనతో విడిగా మాట్లాడండి: "సార్, తప్పుంటే పక్కకు పిలిచి చెప్పండి, నలుగురి ముందు అంటే నాకు ఇబ్బందిగా ఉంది." ఆయన మారతాడని నేను హామీ ఇవ్వలేను. కానీ మీ కోపంలో ఉన్న న్యాయం పిల్లలకు చెప్పాల్సింది కాదు, ఆయనకు చెప్పాల్సింది.

మీరు రాయని సంగతి ఒకటి అడగాలి. నైట్ షిఫ్టుల్లో నిద్ర ఎంత పడుతోంది? నిద్ర చాలకపోయినా చిరాకు వస్తుంది, మగవాళ్లలో డిప్రెషన్ కూడా ఒక్కోసారి దిగులుగా కాక కోపంగానే బయటపడుతుంది. పిల్లల మీద చెయ్యి లేస్తోందంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి కౌన్సెలర్ని కలవండి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అక్క కూతురు నెల నుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదు, సరిగా తినడం లేదు. వాల్తేరులోని మానసిక ఆసుపత్రికి తీసుకెళ్దామంటే, అక్కడికెళ్తే పిల్లకు ముద్ర పడిపోతుందని మా బావగారు ఒప్పుకోవడం లేదు.
– పిన్ని, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ బావగారి భయం ఒక్కరిది కాదు, ఊళ్లో సగం మందిది. ఆ ఆసుపత్రి ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. ఓపీలో చూపించుకుని ఇంటికి వచ్చేయొచ్చు, వెళ్లినంత మాత్రాన చేర్చుకోరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలి. నెల రోజులంటే మాత్రం ఇంక ఆగకండి. బావగారు ఒప్పుకునేలోపు మీరే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పాప నోరు విప్పకపోయినా ఇంట్లోవాళ్లు చేసి సలహా అడగొచ్చు. చచ్చిపోవాలన్న మాట పాప నోట వస్తే ఒంటరిగా వదలకండి, అప్పుడు ఎవరి అనుమతి కోసమూ చూడకుండా దగ్గర్లోని ఆసుపత్రికి ఆ పూటే తీసుకెళ్లండి.