న్యూజెర్సీలో గంజాయి లీగల్ అంటున్నారు, వీసా మీద ఉన్నవాళ్లకూ లీగలేనా?

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి ఒక కుర్రాడు వచ్చాడు. మా పిన్నివాళ్ల ఊరివాడు. ఎంఎస్‌లో చేరి రెండు వారాలైంది. ముద్దపప్పు, దొండకాయ వేపుడు తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, బ్యాగులోంచి ఒక చిన్న పౌచ్ తీసి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"అన్నయ్యా, మా రూమ్మేట్ ఇచ్చాడు. వచ్చే వారం డల్లాస్‌లో మా బావ దగ్గరికి వెళ్తున్నా. తీసుకెళ్లొచ్చా? ఇక్కడ లీగలే కదా?"

పిల్లలు తెరవలేని జిప్పు. లోపల పది గమ్మీలు, అంటే గంజాయి కలిపిన నమిలే మిఠాయిలు. ఒక్కోదానిలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, అని లేబులు. చూడటానికి మామిడి తాండ్ర ముక్కల్లా ఉన్నాయి. నాకు ఒక్కసారి గుండె జారిపోయింది. వాడి తప్పేమీ లేదు. యూనివర్సిటీ ఓరియెంటేషన్‌లో సెల్ఫోను ప్లాన్ల గురించి చెప్పారట, బస్ పాస్ గురించి చెప్పారట, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నవాణ్ణి, మీ ఇంట్లో అన్న చెప్పినట్టే వినండి.

ముందు రాష్ట్రం మాట. 2020 నవంబరు ఎన్నికల్లో న్యూజెర్సీ ఓటర్లు గంజాయికి ఒప్పుకున్నారు. 2021 ఫిబ్రవరి 22న అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ చట్టాల మీద సంతకం పెట్టారు. 2022 ఏప్రిల్ 21న లైసెన్సు ఉన్న షాపులు మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టాయి. 21 ఏళ్లు నిండినవాళ్లు ఆరు ఔన్సుల దాకా, అంటే దాదాపు 170 గ్రాములు, దగ్గర ఉంచుకోవచ్చు. షాపులో మాత్రం ఒకసారికి ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పైచిలుకు, లేదా దానికి సమానమైన సరుకే ఇస్తారు. ఆరు ఔన్సులు దాటితే నేరం, 18 నెలల దాకా జైలు పడొచ్చు.

అమ్మకం సంగతి చాలామందికి సరిగ్గా తెలియదు. 21 నిండిన మరో మనిషికి ఒక ఔన్సు దాకా ఊరికే ఇవ్వొచ్చు. పైసా తీసుకున్నా అది అమ్మకమే, దానికి లైసెన్సు కావాలి. "నేను షాపుకెళ్తున్నా, మీకూ తెస్తా, వెన్మో యాప్‌లో డబ్బు పంపేయండి" అని నలుగురు రూమ్మేట్లకు తెచ్చిపెట్టేవాడు తనకు తెలియకుండానే అమ్మినవాడవుతాడు. ఔన్సు లోపైతే మొదటిసారి రాతపూర్వక హెచ్చరికతో పోతుంది, రెండోసారి క్రిమినల్ కేసు. ఇక ఇంట్లో పెంచడం అసలే కుదరదు. కరివేపాకు, గోంగూర కుండీల పక్కన ఒక్క గంజాయి మొక్క ఉన్నా ఇక్కడ పెద్ద నేరం, మూడు నుంచి ఐదేళ్ల శిక్ష ఉన్న కేసు. నది దాటితే న్యూయార్క్‌లో పెంచుకోనిస్తారు, అది చూసి ఇక్కడా అంతే అనుకుంటారు. అలాగే దగ్గర ఉంచుకునే హద్దు అక్కడ మూడు ఔన్సులే, ఇక్కడి ఆరు అక్కడ చెల్లవు.

ఇంతవరకూ చెప్పింది ఈ దేశ పౌరులకు సరిపోయే లెక్క. మనకు అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మన దగ్గర రాష్ట్రం, కేంద్రం ఉన్నట్టే ఇక్కడా రెండు ప్రభుత్వాలు. గంజాయిని న్యూజెర్సీ వదిలేసింది గాని కేంద్రం వదల్లేదు. 1970 నాటి ఫెడరల్ చట్టం దాన్ని హెరాయిన్ పక్కన, అన్నిటికంటే కఠినమైన ఒకటో షెడ్యూలులో పెట్టింది. దాన్ని మూడో షెడ్యూలుకు మారుద్దామని 2024 మేలో ఫెడరల్ న్యాయశాఖ ప్రతిపాదించినప్పుడు "ఇక టెన్షన్ లేదు" అని వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. షెడ్యూలు మారినా మన కష్టం తీరదు. మూడో షెడ్యూలులో ఉన్నదీ నియంత్రిత పదార్థమే, ఇమ్మిగ్రేషన్ చట్టం చూసేది ఆ మాటనే. మీ ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బీ ఉద్యోగ వీసా, గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ అన్నీ ఇచ్చేది కేంద్రం. న్యూజెర్సీ మీకు ఇచ్చేది డ్రైవింగ్ లైసెన్సు.

ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, 30 గ్రాములు. వీసా మీద వచ్చినవాళ్లకు గానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు గానీ డ్రగ్స్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయొచ్చు. దానికి చట్టంలో ఉన్న మినహాయింపు ఒక్కటే: సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకంటే తక్కువ గంజాయి దగ్గర ఉన్న ఒకే ఒక్క కేసు. రాష్ట్రం 170 గ్రాములు పర్వాలేదంటుంటే కేంద్రం క్షమించేది అందులో దాదాపు ఆరో వంతే. ఆ మినహాయింపు కూడా పంపించేయకుండా ఆపడానికే గాని, తిరిగి లోపలికి రావడానికి, కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కు దానంతట అది అక్కరకు రాదు.

అసలు కేసే లేకపోతే? మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. అరెస్టు లేకపోయినా, కోర్టు లేకపోయినా, "నేను వాడాను" అని అధికారి ముందు మీ నోటితో మీరే ఒప్పుకుంటే అదే మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో నియంత్రిత పదార్థాల చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించారా అని ప్రశ్న ఉంటుంది. గ్రీన్ కార్డు ఫారంలోనూ, సిటిజన్‌షిప్ ఫారంలోనూ అలాంటిదే ఉంటుంది. గ్రీన్ కార్డు మెడికల్‌లో డాక్టరు కూడా అడుగుతారు. ఆయన అడిగేది ఆరోగ్యం గురించే అయినా, మీ జవాబు ఇమ్మిగ్రేషన్ ఫైల్లోకి వెళ్తుంది. 2019 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగానే చెప్పింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం గానీ ఆ వ్యాపారంలో ఉద్యోగం గానీ సిటిజన్‌షిప్‌కు కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు రావచ్చు.

నాకు బాగా కావలసిన ఒకతను గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకు ముందు మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం సోఫాలో కూర్చుని ఫారం తిరగేస్తున్నాం. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే "అవునని పెడదాం, రెండుసార్లు షాపులో కొన్నాను, బిల్లు కూడా ఉంది, లీగలే కదా" అన్నాడు. నిజాయితీగల మనిషి. ఆ బిల్లు తనను కాపాడుతుందనే అనుకున్నాడు. పెన్ను కింద పెట్టించి ఆ రాత్రే ఇమ్మిగ్రేషన్ లాయరుకు మెసేజ్ పెట్టించాను. అలాగని "లేదు" అని అబద్ధం పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఫారంలో అబద్ధం రాసి దొరికితే అది వేరే నేరం, దాదాపు జీవితాంతం వెంటాడుతుంది. ఒప్పుకోలూ ప్రమాదమే, అబద్ధమూ ప్రమాదమే. ఆ ఇరకాటంలో పడకుండా ఉండే దారి ఒకటే, సిటిజన్‌షిప్ చేతికొచ్చే దాకా ముట్టుకోకపోవడం. ముట్టుకుని ఉంటే ఏ ఫారం నింపకముందే, ఏ ప్రయాణం పెట్టుకోకముందే లాయరును కలవండి. ఇంకో ఎంఎస్ కుర్రాణ్ణి సలహా అడగకండి.

ఫోన్ సంగతి కూడా. ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు ఫోన్ తీసి చూసే అధికారం సీబీపీ వాళ్లకు, అంటే సరిహద్దు తనిఖీ అధికారులకు, ఉంది. గమ్మీల ప్యాకెట్టు పట్టుకుని దిగిన సెల్ఫీ, "ఈ వీకెండ్ ఎవరు తెస్తున్నారు" అన్న చాట్, అన్నీ వాళ్ల ప్రశ్నలకు మొదలు.

ఉద్యోగం, పెట్టుబడి గురించి రెండు మాటలు. డిస్పెన్సరీలో, అంటే గంజాయి అమ్మే షాపులో, క్యాషియర్ పని ఉంది, గంటకు బాగా ఇస్తారు అంటే వెళ్లకండి. విద్యార్థికి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయడమే స్టేటస్‌కు ముప్పు. పైగా వాడినవాడి కంటే అమ్మినవాడి మీద చట్టం చాలా కఠినం. అక్రమ రవాణాలో చెయ్యి ఉందని నమ్మడానికి కారణం కనబడితే చాలు, శిక్ష పడనవసరం లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లను "డిస్పెన్సరీలో వాటా తీసుకోండి, మీరు పని చేయనక్కర్లేదు" అని పిలిచేవాళ్లున్నారు. మన తెలుగువాళ్లే పిలుస్తున్నారు. డబ్బు పెట్టకముందే లాయరును అడగండి.

ఇక ప్రయాణాలు. గంజాయిని రాష్ట్రం దాటించడం ఫెడరల్ నేరం. రెండు వైపులా లీగల్ అయినా అంతే. న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి కారులో బయల్దేరిన కుటుంబం డెలావేర్ నది వంతెన దాటగానే పెన్సిల్వేనియాలో ఉంటుంది. అక్కడ సరదాకు వాడటం లీగల్ కాదు. 30 గ్రాముల లోపున్నా క్రిమినల్ కేసే. వెనక సీట్లో కూర్చున్న స్నేహితుడి బ్యాగులో ఏముందో బయల్దేరేముందే అడగండి, మొహమాటపడకండి. రాష్ట్రం దాటకపోయినా శాండీ హుక్ బీచ్ ఉంది. వేసవిలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఊరు సగం అక్కడే కనిపిస్తుంది. అది నేషనల్ పార్క్ సర్వీసు భూమి, అక్కడ నడిచేది ఫెడరల్ చట్టం.

డల్లాస్ ఉన్న టెక్సాస్ గురించి ఆ కుర్రాడికి వేరుగా చెప్పాల్సి వచ్చింది. అక్కడ ఆకుకు ఒక లెక్క, గమ్మీకి ఇంకో లెక్క. ఆకు రెండు ఔన్సుల లోపైతే చిన్న నేరం కిందికి వస్తుంది. టీహెచ్‌సీ తీసి చేసిన గమ్మీ, వేప్ పెన్ లాంటివి కొంచెం ఉన్నా ఫెలనీ, అంటే పెద్ద నేరం. పైగా తూకం వేసేది లోపలి టీహెచ్‌సీని కాదు, చక్కెరతో సహా మొత్తం గమ్మీని. వాడి చేతిలోని పౌచ్ అక్కడ ఏళ్ల తరబడి జైలు అవుతుంది. ఇక ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన కలలో కూడా వద్దు. విశాఖ ఏజెన్సీ నుంచి పట్టుబడ్డ గంజాయి బస్తాల వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం, మత్తుమందుల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఎంత గట్టిదో మనకు తెలుసు.

గంజాయి తీసుకుని కారు నడపడం కూడా డీయూఐ (మత్తులో బండి నడపడం) కిందికే వస్తుంది. మందు ఒక్కటే అనుకోకండి. కేసు తేలకముందే, అరెస్టయిన కొద్ది రోజులకే వీసా రద్దయినట్టు కాన్సులేట్ నుంచి ఈమెయిల్ వచ్చినవాళ్లు నాకు తెలుసు.

పాత కేసు ఉన్నవాళ్లకు ఒక మాట. 2021లో న్యూజెర్సీ కోర్టులు మూడు లక్షలకు పైగా పాత గంజాయి కేసులు కొట్టేశాయి. రాష్ట్రం రికార్డు చెరిపేసినా ఇమ్మిగ్రేషన్ వాళ్లు దాన్ని శిక్షగానే లెక్కించవచ్చు. కోర్టు కాగితాల సర్టిఫైడ్ కాపీలు తీసి దాచుకోండి, లాయరుకు అవే కావాలి.

ఆ రోజు ఆ కుర్రాడి చేత పౌచ్‌ను చెత్తబుట్టలో వేయించాను. "మరి ఫ్రిజ్‌లో ఇంకా రెండున్నాయి అన్నయ్యా, అందరికీ ఒకటే ఫ్రిజ్," అన్నాడు. రూమ్మేట్‌తో మాట్లాడి అవి అతని గదిలో, తాళం వేసిన డబ్బాలో పెట్టించమన్నాను. కుదరదంటే ఈ సెమిస్టర్ అయ్యేలోపు వేరే ఇల్లు చూసుకోమన్నాను. లీజు కాగితం ఫొటో తీసి పంపమని కూడా చెప్పాను. చాలా అపార్టుమెంట్లలో పొగ తాగకూడదని రాసి ఉంటుంది, ఇల్లు ఖాళీ చేయిస్తే నలుగురూ రోడ్డున పడతారు. ఆ సాయంత్రమే ఫొటో పంపాడు. పదకొండో పేజీలో ఆ క్లాజు ఉంది.