మిద్దె మీద బంగినపల్లి కాస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. మూడేళ్లుగా మిద్దె మీద ఆకుకూరలు, వంగ, టమాట పండించుకుంటున్నాం. ఇప్పుడు బంగినపల్లి మామిడి, మునగ, జామ, నిమ్మ పెట్టాలని ఉంది. 200 లీటర్ల డ్రమ్ములు పది కొనవచ్చా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: డ్రమ్ములు కొనే ముందు మిద్దె ఎంత మోస్తుందో చూద్దామమ్మా. 200 లీటర్ల డ్రమ్ము తడిమట్టితో నిండితే 250 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్క వేస్తారు. ఆ డ్రమ్ము మోపే చోటు పావు చదరపు మీటరే. కాబట్టి నిండు డ్రమ్ములు వద్దు, అడ్డంగా కోసిన సగం డ్రమ్ములు చాలు. వాటినీ స్లాబు మధ్యలో పెట్టకుండా పిల్లర్లు, బీములు ఉన్న చోటే పెట్టండి. ఇల్లు పాతదైతే ముందు ఇంజినీరుకు చూపించండి. రసాయనాలు పోసిన పాత డ్రమ్ములు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి, మీరు తినే పండ్లు పెంచేది వాటిలోనే. మట్టి బరువు తగ్గాలంటే ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలిపి, కొంచెం వేపపిండి వేయండి.

బంగినపల్లి మీద మీకున్న ఇష్టం అర్థమైంది. కానీ అది పెద్ద మానయ్యే రకం, సగం డ్రమ్ములో దాని వేళ్లకు చోటు చాలదు. మామిడే కావాలంటే ఆమ్రపాలి అంటు పెట్టండి. దసేరి, నీలం రకాలను కలిపి తయారుచేసిన ఈ రకం పొట్టిగా పెరుగుతుంది, ఏటా కాస్తుంది. కాయ చిన్నదే అయినా మంచి తీపి. మునగ కొమ్మ పెళుసు, మిద్దె మీద గాలికి విరిగి కింద ఎవరి మీదైనా పడవచ్చు. ఆకు కోసమైతే మూడడుగుల దగ్గర తుంచుతూ పెంచుకోండి.

నన్నడిగితే మొదట జామ పెట్టమంటాను. జామ కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది. అందుకని కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించి అయిదడుగుల లోపే ఉంచినా కాపుకు లోటుండదు. అలహాబాద్ సఫేదా, లక్నో-49 రెండూ మంచివే. నిమ్మలో తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన బాలాజీ రకం గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. జామ, మామిడి కొనేటప్పుడు కాండం మీద అంటు కట్టిన అతుకు చూసి తీసుకోండి. అతుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఆకు వాడిందని చాలామంది టెన్షన్ పడి నీళ్లు పోస్తూనే ఉంటారు. అసలు దెబ్బ వేళ్లకు తగులుతుంది. ఎండకు డ్రమ్ము గోడ కాలి, దాన్ని అంటుకుని ఉన్న వేళ్లు మాడతాయి. డ్రమ్ము చుట్టూ గోనెసంచి కట్టండి, లేదా తెల్ల రంగు వేయండి. మట్టి మీద ఎండుటాకులు పరవండి. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా ఇటుకల మీద నిలపండి. బోరు నీళ్లతో మట్టి మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే, పై పొర గీకేసి వాన నీళ్లు పట్టి పోయండి.

ఈ వానాకాలం జామ, నిమ్మ చెరొకటి పెట్టండి. వచ్చే వేసవి అవి బాగా దాటితే అప్పుడు మామిడి తెచ్చుకోవచ్చు.