అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ పక్కపక్కన ఉంటే ఏది మెరుగో ఎలా తెలుసుకోవాలి?

పాత కార్ల ప్రదర్శనలో ఈ మూడింటినీ పోల్చడం ఎలా అని అడిగారు. ముందుగా రంగు చూసి మార్కులు వేయడం మానండి. ఆ మెరుపు చాలాసార్లు నిన్నమొన్నటిదే. బానెట్ తెరిచి చూపించమని యజమానిని అడగండి. కాదన్నవారు నాకింతవరకు తగల్లేదు, మొదలుపెట్టాక ఆపడమే కష్టం.

కిందటిసారి హైదరాబాద్‌లో నేను హెరాల్డ్ దగ్గరే ఆగిపోయాను. దాని బానెట్ మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందుకు వాలిపోతుంది. ముందు చక్రాలు, ఇంజను మొత్తం బయటపడతాయి. మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మద్రాసులో 1961 నుంచి తయారైన ఈ కారుకు విడిగా ఛాసిస్, అంటే అడుగున ఉండే ఇనుప చట్రం, దాని మీద బోల్టులతో బిగించిన ముక్కల బాడీ. ఆ రోజుల్లో పాతబడిపోతున్న ఈ పద్ధతికి కారణం ఇంగ్లండులో ఉంది. హెరాల్డ్ మాతృసంస్థ స్టాండర్డ్‌కు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని 1953లో దాని పోటీదారు బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కొనేసింది. ఆ తర్వాత పోటీదారుకు కొత్త బాడీ చేసివ్వడానికి ఒప్పుకోలేదు. దాంతో ముక్కలు తలోచోట చేయించుకుని బిగించుకోవలసి వచ్చింది. పక్కనే నిలబడ్డ అంబాసిడర్ ఎవరిదనుకున్నారు? అదే బీఎంసీవారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశపు రూపం. మాటల్లేని దాయాదులు పెళ్లిపందిట్లో పక్కపక్కన కూర్చున్నట్టు అనిపించింది.

అంబాసిడర్‌లో మాత్రం సీట్లు చూడండి. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు బల్లలా ఒకటే. మా నాన్నగారి బండిలో ముందు ముగ్గురు పెద్దలు, వెనుక ఐదుగురు పిల్లలం తిరుపతి వెళ్లివచ్చాం. ఇరుకన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఫియట్, అంటే తర్వాతి పద్మిని, 1089 సీసీ బండి. గేరు దీనికీ స్టీరింగు దగ్గరే. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దీని మీదే కనుక కాస్త పక్షపాతం ఉంది. చేతికి తేలిగ్గా తిరిగేది ఇదే.

చూడటానికి హెరాల్డ్, కుటుంబానికి అంబాసిడర్, నడపడానికి ఫియట్ అంటాను. హెరాల్డ్ వెనుక చక్రాల సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది గాని, మలుపులో వేగం ఎక్కువైతే చక్రం లోపలికి ముడుచుకునే గుణం దానికుంది.

కొనే ఆలోచన కూడా ఉంటే ఒక్క మాట: 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయిస్తే ‘వీఏ’ అక్షరాలున్న నంబరు వస్తుంది. కానీ ఆ బండిలో రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించడానికో తీయవచ్చు.